లెక్క తెలియని మెట్లు: ఒక పరీక్ష పోయి, తరువాతిది ఎప్పుడో తెలియని రోజుల్లో మనసు నిలిపేదెలా?

ప్రశ్న: మేడగది, బైరాగిపట్టెడ

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. నాకు ఇప్పుడు 30 ఏళ్లు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం ఎమ్మెస్సీ చేసి, ఆపై బీఈడీ పూర్తిచేసి, తిరుపతి బైరాగిపట్టెడలో ఒక మేడమీది గదిలో ఉంటూ ఉపాధ్యాయ ఉద్యోగం కోసం చదువుతున్నాను. 2018 తరువాత ఏళ్ల తరబడి రాని ఉపాధ్యాయ నియామక పరీక్ష డీఎస్సీ 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో వచ్చినప్పుడు, మా గదిలోని ముగ్గురమూ ఇక ఇదే చివరిదన్నంత పట్టుదలతో చదివాము. ఒకడికి ఉద్యోగం వచ్చింది. నాకు కొద్దిలో పోయింది. మూడో అతను పుస్తకాలన్నీ కాటాకు వేసి బెంగళూరు బస్సెక్కాడు. అద్దె మూడు వాటాలుగా ఉండేది, ఇప్పుడు మొత్తం నా మీదే పడింది.

పోయిందని తెలిసిన వారం పది రోజులు పడ్డ బాధ గురించి నేను అడగడం లేదు. అది అందరూ పడేదే, తగ్గేదే. నా ఇబ్బంది ఆ తరువాత మొదలైంది. తరువాతి నోటిఫికేషన్ ఎప్పుడో, అందులో మా జిల్లాకు నా సబ్జెక్టులో ఎన్ని పోస్టులో తెలియవు. కనుక నేను ఇప్పుడు విద్యార్థినీ కాదు, ఉద్యోగినీ కాదు, నిరుద్యోగినని నోరు తెరిచి చెప్పుకునే ధైర్యమూ లేదు. మిత్రులు ధైర్యం చెప్పేటప్పుడు అలిపిరి మెట్లతో పోలుస్తారు, ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ పోతే కొండ అదే వస్తుందంటారు. అలిపిరి మెట్లు 3,550 అని ఈ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గాలిగోపురం దాటామంటే ఎంత ఎక్కామో, ఇంకెంత ఉందో కాళ్లే చెబుతాయి. నేను ఎక్కుతున్న మెట్లకు ఆ లెక్క లేదు, పైన తలుపు తెరిచి ఉంటుందన్న హామీ కూడా లేదు.

ఉదయం ఐదుకు అలారం పెట్టుకుంటాను, లేస్తాను కూడా. టేబుల్ ముందు కూర్చుంటాను. పదకొండు గంటలకు చూస్తే పుస్తకం అదే పేజీలో ఉంటుంది. నిన్న ఆవర్తన పట్టిక పాఠంలో ఎప్పుడో గీసిన పెన్సిల్ గీత మీదే మళ్లీ గీస్తూ కూర్చున్నాను, చివరికి అక్కడ కాగితం చిరిగింది. ఆ పాఠం నాకు రాదని కాదు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. దాన్ని ఎప్పటి కోసం చదువుతున్నానో తెలియకపోవడమే కష్టంగా ఉంది.

మా ఊరు పూతలపట్టు వైపు. నాయనకు మూడెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇప్పిస్తామన్న 2025 సీజన్‌లో, నాయన కాయల ట్రాక్టరుతో ఒక గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట మూడు పగళ్లు, మూడు రాత్రులు వరుసలో ఉన్నాడు. ఆ డబ్బులోంచే నాకు నెలనెలా వస్తుంది. సాయంత్రం అమ్మ ఫోన్ చేసి, “ఏం నాయనా, ఇంగా ఏమీ తెలీలేదా?” అని అడుగుతుంది. ఆమె అడిగేది ప్రేమతోనే. అయినా ఫోన్ మోగితే కడుపులో తిప్పినట్లవుతుంది.

ఇలాంటి కాలాన్ని దాటినవారు, లేదా ఇంకా అందులోనే ఉన్నవారు, ఆ రోజులను ఎలా గడిపారో చెప్పగలరా? స్ఫూర్తి ప్రసంగాల వీడియోలు మాత్రం దయచేసి పంపవద్దు. అవి చూసినంత సేపు బాగానే ఉంటుంది, ఆపిన తరువాత గది ఇంకా నిశ్శబ్దంగా అనిపిస్తుంది.

సమాధానం: కొర్లగుంట వాసి

మీ వయసులో నాకు ఇద్దరు పిల్లలు. రేణిగుంట వైపు, శ్రీసిటీ వైపు ఉద్యోగాలు ఉన్నాయి, మీ చదువుకు ఏదో ఒకటి దొరుకుతుంది. మనసు నిలపడం గురించి ఇంత పొడుగు ప్రశ్న రాసే సమయంలో నాలుగు దరఖాస్తులు పెట్టవచ్చు. కటువుగా ఉంటే క్షమించండి. నాకు తెలిసిన ఒకే మందు జీతం.

సమాధానం: పదహారు వందల మీటర్లు

అన్నా, పై ఆయన చెప్పినది కొట్టిపారేయలేను, కాని నేను పట్టిన దారి వేరు కాబట్టి వివరంగా రాస్తాను.

2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చినప్పుడు దరఖాస్తు చేసినవారిలో నేనొకడిని. 2023 జనవరి 22న ప్రిలిమినరీ రాశాను, అర్హత వచ్చింది. దేహదారుఢ్య పరీక్షలు ఒకటి రెండు నెలల్లో ఉంటాయని అందరమూ అనుకున్నాము. అవి మొదలైనది 2024 డిసెంబరు 30న. వాయిదాల కారణాలు పత్రికల్లో వచ్చినవే, ఇక్కడ మళ్లీ తవ్వను. దాదాపు రెండేళ్లు మేము వేచి ఉండవలసి వచ్చిందన్నదే ఇక్కడికి సంబంధించిన విషయం.

పుస్తకమైతే ఆరు నెలలు మూసిపెట్టినా కొంత మిగులుతుంది. పరుగు అలా మిగలదు. 1,600 మీటర్లను ఎనిమిది నిమిషాల్లో పరుగెత్తాలి. రెండు వారాలు మానేస్తే మూడో రౌండులోనే డొక్కలో పోటు వస్తుంది. విశ్వవిద్యాలయంలోని తారకరామ స్టేడియానికి వేకువ ఐదింటికి వెళ్లేవాళ్లం. ఫిబ్రవరిలో మా గుంపు యాభై మందికి పైగా ఉండేది, ఒకరిమీద ఒకరు పడేటట్లు పరుగెత్తేవాళ్లం. ఎండాకాలం పోయి వానలు మొదలయ్యేసరికి ఏడుగురం మిగిలాము. ఆ ఏడుగురిలో నేను ఉండటం నా పట్టుదల వల్ల అనుకోవద్దు. ఇంటర్ చదివే ఒక అబ్బాయి అగ్నివీర్ ర్యాలీకి తయారవుతూ మాతో కలిశాడు. వాళ్లకూ అదే దూరం, సమయం మాత్రం మాకంటే చాలా తక్కువ. అతని దగ్గర స్టాప్‌వాచ్ లేదు, ఫోన్ లేదు. తన పరుగుకు నేను టైము చూడాలని అడిగాడు. చలికాలంలో నేను మంకీక్యాప్ వేసుకుని వెళ్లేసరికి ఆ అబ్బాయి గేటు దగ్గర చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడి ఉండేవాడు. నాకు పరీక్ష ఎప్పుడో తెలియదు గాని, ఐదుంబావుకు ఆ గేటు దగ్గర ఒకడు నిలబడి ఉంటాడని మాత్రం తెలుసు. రెండేళ్లలో నన్ను మంచం మీద నుంచి లేపిన ఉదయాల్లో సగానికి పైగా ఆ అబ్బాయివే.

నేను దేహదారుఢ్య పరీక్ష గెలిచాను. 2025 జూన్ 1న తుది రాత పరీక్ష రాశాను. ఆగస్టు 1న ఫలితాలు వచ్చాయి, నా నంబరు లేదు. ఇప్పుడు శ్రీసిటీలో షిఫ్టు ఉద్యోగం చేస్తున్నాను. అంతా మన మంచికే జరిగిందని నేను చెప్పలేను. ఆ రెండేళ్లలో కొంత భాగం వృథాయే. 2023 మేలో ఇదే ఉద్యోగం నాకు వచ్చింది, వచ్చే నెలలో పిలుస్తారేమోనని వదులుకున్నాను. ఆ తరువాత ఎన్ని “వచ్చే నెలలు” వచ్చాయో మీరే లెక్క వేసుకోవచ్చు. పరుగు ఆపనందుకు నాకు విచారం లేదు, పరుగు కోసం మిగతావన్నీ ఆపినందుకు ఉంది.

కాబట్టి అన్నా, చదువు ఆపకుండా ఉండటానికి మీ కోసం గేటు దగ్గర నిలబడే మనిషి ఒకరు కావాలి, ఆ మనిషి మీ ఇంటివారు కాకుండా ఉంటే మంచిది. ఇంటివాళ్లు మన ఫలితం కోసం చూస్తారు, ఆ అబ్బాయి నేను వచ్చానా లేదా అన్నది మాత్రమే చూసేవాడు.

సమాధానం: వైవా బాకీ

మీరు నాకంటే చిన్నవారు కనుక తమ్ముడూ అనే పిలుస్తాను. నేను మనస్తత్వ శాస్త్రంలో పీహెచ్‌డీ థీసిస్ సమర్పించి పదకొండు నెలలైంది. పరీక్షకుల నివేదికలు రావాలి, అవి వస్తే వైవా అనే మౌఖిక పరీక్ష, వైవా అయితే పట్టా. ఏ విశ్వవిద్యాలయమో చెప్పను. వారానికొకసారి ఆ విభాగానికి ఫోన్ చేస్తే, “మేడమ్, మెయిల్ పంపినాం, రాలేదు” అన్న ఒకే మాట వినిపిస్తుంది. కనుక నేను చెప్పేది గట్టు మీద నిలబడి చెప్పేది కాదు.

మీకు బాధ కలిగిస్తున్నది బద్ధకమని మీరు అనుకుంటున్నట్లు మీ ప్రశ్న చదివితే అనిపించింది. 2016లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 45 మందితో ఒక ప్రయోగం చేశారు. కంప్యూటర్ తెర మీద రాళ్లు కనిపిస్తాయి, ఏ రాయి కింద పాము ఉందో ఊహించాలి. పాము ఉంటే చేతికి చిన్న విద్యుత్ షాక్ తగులుతుంది. పాల్గొన్నవారి చెమట, కంటిపాప పరిమాణం కొలిచి చూస్తే, షాక్ తప్పదని తెలిసినప్పటికంటే, తగలవచ్చు తగలకపోవచ్చు అన్న సగం సగం స్థితిలోనే ఒత్తిడి ఎక్కువగా ఉన్నట్లు తేలింది. అంటే ఉద్యోగం రాదని ఖాయంగా తెలిసినవాడికంటే, వస్తుందో రాదో తెలియనివాడే ఎక్కువ అలసిపోతాడు. మీరు పదకొండు గంటల దాకా ఒకే పేజీలో ఉండిపోవడం వెనుక ఉన్నది ఈ అలసటే.

దీనికి మన ఊళ్లోనే ఉదాహరణ ఉంది. విష్ణు నివాసంలోనో, శ్రీనివాసంలోనో, భూదేవి కాంప్లెక్స్‌లోనో సర్వదర్శనం టైమ్ స్లాట్ టోకెన్ దొరికినవారిని చూడండి. టోకెన్ జేబులో పెట్టుకుని టిఫిన్ తింటారు, గోవిందరాజస్వామి గుడికి వెళ్లి వస్తారు, గాంధీ రోడ్డులో పిల్లలకు బొమ్మలు బేరమాడతారు, వేళకు కొండకు వెళ్తారు. టోకెన్ లేకుండా వెళ్లినవారు వైకుంఠం కంపార్టుమెంటులో కూర్చుంటారు. పాలు వస్తాయి, అన్నప్రసాదం వస్తుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, అయినా తాళం చప్పుడైతే చాలు సంచులు పట్టుకుని లేచి నిలబడతారు. మళ్లీ కూర్చుంటారు. వేచి ఉన్న గంటలు ఇద్దరికీ సమానమే అయినా, బయటికి వచ్చేటప్పటి ముఖాలు మాత్రం ఒకేలా ఉండవు. తమ్ముడూ, మీరు ఉదయం నుంచి రాత్రి దాకా తాళం చప్పుడు వింటూ కూర్చున్నారు. రోజుకు ఎన్నిసార్లు డీఎస్సీ అభ్యర్థుల వాట్సాప్ గ్రూపు తెరుస్తున్నారో ఒకసారి లెక్కపెట్టండి. నేను లెక్కపెట్టుకున్న రోజున మెయిల్ 31 సార్లు తెరిచినట్లు తేలింది.

ఇక ప్రశాంతంగా ఉండమని అందరూ ఇచ్చే సలహా గురించి. కాలిఫోర్నియాలో కేట్ స్వీనీ అనే శాస్త్రవేత్త, లాయర్ల అర్హత పరీక్ష రాసి నాలుగు నెలలు ఫలితం కోసం ఎదురుచూసే పట్టభద్రులను గమనిస్తూ పరిశోధనలు చేశారు. ఆందోళనను తగ్గించుకోవడానికి వాళ్లు చేసిన ప్రయత్నాలు పెద్దగా ఫలించలేదు. ఎదురుచూపులో ఎక్కువ మథనపడినవారే ఫలితం వచ్చాక, అది చెడ్డదైనా, మెరుగ్గా తట్టుకున్నారు. ఇది చదివిన రోజు నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. ప్రశాంతంగా ఉండలేకపోతున్నానన్న రెండో బాధ అప్పుడు దిగిపోయింది. మొదటిది అలాగే ఉంది, ఉండనివ్వండి. అదే బృందం తరువాతి పరిశోధనల్లో తేలిన మరో విషయం మీకు పనికివస్తుంది. మరీ సులువు కాకుండా, మరీ కష్టం కాకుండా, చేస్తున్నకొద్దీ ఎంత అయిందో కంటికి కనిపించే పనిలో మునిగినవారికి ఆ కాలం తేలికగా గడిచింది. నాకు అది జాకెట్లు కుట్టడం. పీహెచ్‌డీ చేసిన మనిషి జాకెట్లు కుడుతుందా అని మా ఇంట్లో ఒక వారం మాట్లాడుకున్నారు, తరువాత వాళ్ల జాకెట్లే నా దగ్గరికి వచ్చాయి. ఉదయం గుడ్డగా ఉన్నది సాయంత్రానికి జాకెట్ అవుతుంది, థీసిస్ ఆ సుఖం ఏనాడూ ఇవ్వలేదు. మీరు ఇప్పటికే వచ్చిన పాఠాన్ని పదోసారి చదువుతున్నారు. అందులో ఏమి పెరిగిందో మీకే కనిపించదు, మనసు ఎందుకు నిలుస్తుంది?

“ఏం చేస్తున్నావు” అన్న ప్రశ్నకు ఒక వాక్యం సిద్ధంగా ఉంచుకోండి. తిరుచానూరులో ఒక పెళ్లిలో మా పెద్దమ్మ, “ఏమ్మా, ఇంగా చదవతానే ఉండావా?” అన్నది, పంక్తిలో అందరూ వింటుండగా. “చదివేది అయిపోయింది పెద్దమ్మా, దిద్దతా ఉండారు” అన్నాను. “దిద్దేదానికి ఇన్ని దినాలా!” అని ఆశ్చర్యపోయి, సాంబారు వడ్డించే అబ్బాయిని పిలిచింది. అంతే. నేను ఏళ్లుగా భయపడిన సంభాషణ సాంబారు బకెట్టు మా విస్తరి దాకా వచ్చేలోపే ముగిసింది.

ఒక్క మాట మాత్రం తేలికగా తీసుకోవద్దు. నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, బతకడం దేనికనే ఆలోచన రెండు వారాలకు మించి ఉంటే, దాన్ని పరీక్ష సమస్యగా చూడకూడదు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా, ఖర్చు లేకుండా, తెలుగులో మాట్లాడవచ్చు. నేను ఒకసారి చేశాను.

సమాధానం: విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

నాయనా, పై ముగ్గురి మాటలూ చదివాను. కొర్లగుంట ఆయన కోపంలో నిజం ఉంది గాని, ఉద్యోగం చూసుకోవడం, చదువు మానుకోవడం ఒకటే అన్నట్లు మాట్లాడారు. ఆ రెండూ వేరు.

ముందు లెక్క చూద్దాం, లెక్కల పంతులును కదా. కొద్దిలో పోయిందన్నావు, ఆ కొద్ది ఎంతో రాయలేదు. స్కూల్ అసిస్టెంటుకు డీఎస్సీ రాత పరీక్ష 80 మార్కులు, ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌కు 20 శాతం వెయిటేజీ. టెట్ 150 మార్కులకు ఉంటుంది. అంటే టెట్‌లో ఏడున్నర మార్కులు పెరిగితే తుది జాబితాలో ఒక మార్కు పెరిగినట్లు. టెట్ అర్హత జీవితాంతం చెల్లుతుంది, మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాసే వీలూ ఉంది. డీఎస్సీకి, డీఎస్సీకి మధ్య ఏళ్లు పట్టవచ్చునని నువ్వే చూశావు, టెట్ అంత అరుదు కాదు. ఆవర్తన పట్టిక నీకు నిద్రలో కూడా వస్తుందన్నావు, మరి టెట్‌లో ఉండే శిశు వికాసం, తెలుగు, ఇంగ్లిషు నిద్రలో వస్తాయా? మా దగ్గరికి వచ్చే సైన్సు పిల్లలు ఎక్కువ మంది మార్కులు పోగొట్టుకునేది అక్కడే. వచ్చినదాన్నే తిరిగి తిరిగి చదవడం చేతి వేలికి తగిలిన దెబ్బను మాటిమాటికీ నొక్కి చూసుకోవడం లాంటిది.

రెండోది వయసు సంగతి. 2025 డీఎస్సీలో ఓసీ అభ్యర్థులకు గరిష్ఠ వయసు 44, రిజర్వేషన్ ఉన్నవారికి అంతకంటే ఎక్కువ. ప్రభుత్వం దయతో ఇచ్చిన ఆ సడలింపు చాలామందికి మేలు చేసింది, నేను కాదనను. కాని నీ వంటి ముప్పై ఏళ్ల వాడికి అది ఇంకా పద్నాలుగేళ్లు గదిలో కూర్చోవచ్చునన్న అనుమతిగా కనిపించే ప్రమాదం ఉంది. ప్రభుత్వం పెట్టిన గడువు వేరు, నువ్వు పెట్టుకునే గడువు వేరు. ఆ అమ్మాయి టోకెన్ అన్నదే, అది ఎవరూ ఇవ్వని చోట మనమే రాసుకోవాలి. ఏ తేదీ వరకు పూర్తి సమయం చదువుతావు, ఆ తేదీ తరువాత ఏ పని చేస్తూ చదువుతావు అన్నది కాగితం మీద రాసి మీ నాయనకు ఇవ్వు. నీ దగ్గర ఉంచుకుంటే దిద్దుకుంటావు.

ఇక నా సహాధ్యాయి ఒకరి విషయం చెప్పి ముగిస్తాను. 1998 డీఎస్సీలో అర్హత పొందినా నియామకం అందక వివాదాల్లో చిక్కుకున్నవారి సంగతి మీ తరం వినే ఉంటుంది. వారిలో మిగిలినవారికి ఉద్యోగాలు వచ్చినది 2023లో, అదీ కనీస టైమ్ స్కేలు మీద, కాంట్రాక్టు పద్ధతిలో. పదవీ విరమణ వయసు దగ్గరపడిన తరువాత బడిలో అడుగుపెట్టినవారు ఉన్నారు. ఇందులో గర్వపడవలసింది ఏమీ లేదు, ఒక తరానికి జరిగిన అన్యాయం అది. నా స్నేహితుడు చేరిన రోజు, ఆయన పాతికేళ్లు ఎదురుచూశారని అందరూ పొగిడారు. ఆయనకు కోపం వచ్చింది. “నేనెక్కడ ఎదురుచూస్తి? నాలుగు ఆవులు మేపితి, ఇద్దరు ఆడబిడ్డల పెండ్లి చేస్తి, సాయంత్రం ట్యూషన్లు చెప్తి. ఆ కాగితాల సంచి అటక మీద ఉండె, పిలిచినప్పుడు దించితి, అంతే” అన్నారు. ఆ సంచి నేను చూశాను. ఎరువుల గోతాం కత్తిరించి కుట్టినది, మూతికి పురికొస. ప్రతి వాయిదాకు దించి, దుమ్ము దులిపి, పని అయిన సాయంత్రమే మళ్లీ పైకి ఎక్కించేవారు. నీ సంచి, నాయనా, ఇరవై నాలుగు గంటలూ నీ ఒళ్లోనే ఉన్నట్లుంది.

సమాధానం: కొర్లగుంట వాసి

మాస్టారూ, నమస్కారం. చదువు మానుకోమని నేను అనలేదు, కాని నా రాత అలాగే ఉంది, ఒప్పుకుంటాను. మా అబ్బాయికి ఇంటర్ మొదటి సంవత్సరం కెమిస్ట్రీలో మోల్ లెక్కలు రావడం లేదు. మేడగది వారికి అభ్యంతరం లేకపోతే సాయంత్రం పంపుతాను. ఊరికే వద్దు, నెలకు ఇచ్చేది ఇస్తాను. వాడు మొండివాడు, ముందే చెబుతున్నాను.

ప్రశ్న అడిగినవారి మాట: మేడగది, బైరాగిపట్టెడ

అందరికీ నమస్కారం. వెంటనే జవాబు రాయలేకపోయాను, రెండు వారాలు పట్టింది.

మాస్టారూ, నాకు పోయింది 1.3 మార్కులతో. టెట్‌లో నావి 104. అక్కడ పది మార్కులు ఎక్కువ ఉండి ఉంటే ఈ ప్రశ్నే రాసేవాడిని కాదన్నమాట. ఈ లెక్క నేను ఎప్పుడో వేసుకోవలసింది. కాలిక్యులేటర్ చేతిలో పట్టుకుని చాలాసేపు నవ్వుకున్నాను, ఆ నవ్వు అంత మంచి నవ్వేమీ కాదు. ఆవర్తన పట్టిక పుస్తకాన్ని పెట్టెలో పెట్టి, శిశు వికాసం తెరిచాను. కొత్త విషయం కావడం వల్లనేమో, మొదటి రోజు నలభై పేజీలు చదివాను. రెండో రోజు పన్నెండు. మూడో రోజు సున్నా. నాలుగో రోజు మళ్లీ ఇరవై. ఈ అంకెలు గోడ మీద రాస్తున్నాను, సున్నాతో సహా.

అక్కా, వాట్సాప్ గ్రూపు లెక్క పెట్టమన్నారు కదా. నలభై దాటిన తరువాత లెక్కపెట్టడం మానేశాను. ఇప్పుడు అది రాత్రి తొమ్మిదికి ఒకసారి మాత్రమే తెరుస్తున్నాను, అదీ ఇప్పటికి రెండుసార్లు తప్పాను.

తేదీ రాయడమే అన్నిటికంటే కష్టమైంది. ఎనిమిది నెలలు అని రాసి, పన్నెండు అని దిద్ది, మళ్లీ పది అని రాశాను. చివరికి ఆ కాగితం పట్టుకుని ఊరికి వెళ్లాను. నాయన తోటలో మొదళ్ల చుట్టూ పాదులు సరిచేస్తున్నాడు. కాగితం చేతికిస్తే కళ్లద్దాలు లేవన్నాడు, నేనే చదివాను. విని, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. నాకు అప్పుడు ఒకటి అడగాలనిపించింది. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ఆ మూడు రోజులు ఏం చేశావు నాయనా అని అడిగాను. ఇన్ని నెలల్లో నేను ఆ మాట అడగలేదని అప్పుడే తెలిసింది.

“చేసేదేముంది. ముందర ఉండేటోడు బంగారుపాళెం వాడు, వాని బోరు ఎన్నడుగులో, వాని కొడుకు ఏం చదవతా ఉండేడో అంతా మాట్లాడుకుంటిమి. రెండో దినం నుంచి కాయ మెత్తబడె. రేత్రిపూట సెల్లు లైటు పెట్టుకోని ట్రాక్టరెక్కి మెత్తబడింది మెత్తబడినట్ల ఏరి పారేస్తి. లేకుంటే పక్క కాయ గూడా పోతాది గదా” అని, గడ్డపార మళ్లీ చేతికి తీసుకున్నాడు.

కొర్లగుంట వారి అబ్బాయి సోమవారం నుంచి వస్తున్నాడు. నిజంగానే మొండివాడు. అవగాడ్రో సంఖ్య అంత పెద్దది ఎందుకు, చిన్నది పెట్టుకుంటే ఏమైంది అని మొదటి రోజే వాదించాడు. నిన్న ఇద్దరు స్నేహితులను కూడా తీసుకువచ్చాడు, గదిలో మూడు కుర్చీలు లేవు కనుక మేడ మీద చాప వేశాను. సాయంత్రం ఐదున్నరకు మెట్ల మీద వాళ్ల చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. ఆ వేళకు ముందే అమ్మకు ఫోన్ చేయడం మొదలుపెట్టాను, వాళ్లు వచ్చేశారని చెప్పి పెట్టేయవచ్చు కనుక. అమ్మ నిన్న, “ఏమన్నా తెలిసిందా” అనడానికి బదులు, “పిల్లోళ్లు వచ్చినారా” అని అడిగింది.